బోర్డు మీద ఏం రాయాలి?

పోయిన వారం మా ఆసుపత్రిలో బోర్డులు రాసే పెయింటరు గారు నా గది గుమ్మం ముందు స్టూలేసుకుని ఎక్కారు. ఒక చేతిలో నీలం రంగు డబ్బా, నోట్లో సన్న కుంచె. కుంచె తీసి "ఏం రాయమంటారండి మేడంగారూ?" అన్నారు. నేను తెల్లమొహం వేశాను.

ఆర్డరు కాగితంలో "యూరోగైనకాలజీ ఓపీ" అని ఉంది. అది రాయడానికి ఆయనకేం అభ్యంతరం లేదు. కానీ ముమ్మిడివరం నుంచో మొగల్తూరు నుంచో బస్సెక్కి వచ్చిన మనిషి దాన్ని కూడబలుక్కుని చదివి, ఇది నా కోసమే అనుకుంటుందా? పోనీ "మూత్రం కారే ఆడవారికి" అని రాయిద్దామా అంటే, ఆ బోర్డు కింద ఎవరు నిలబడతారు? వరండాలో సగం మంది పక్క ఊరి వాళ్లే. "ఆలోచించి చెప్తానండి" అని ఆయన్ని పంపేశాను. ఆ ఆలోచనే ఇలా పోస్టయింది. పొడుగ్గా ఉంటుంది, కోపంగా కూడా ఉంటుంది.

ముందు ఇదేం చదువో చెప్పాలి, ఎందుకంటే మా మేనత్తే ఇప్పటికీ "కాన్పుల డాక్టరువి కదే, మళ్లీ మూత్రం డాక్టరువి ఎందుకయ్యావు?" అని అడుగుతుంది. పట్టెమంచం చూశారుగా. కింద నవారు బిగువుగా ఉన్నంతకాలం మీద పరుపు కదలదు. ఆడవాళ్ల పొత్తికడుపు కింద కండరాలూ లిగమెంట్లూ కలిసి అలాంటి నవారే. మూత్రసంచి, గర్భసంచి, మలాశయం, అన్నీ దాని మీదే ఉంటాయి. కాన్పులు, గంటల తరబడి ముక్కించడం, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం, బరువులు మోయడం, ముట్లుడిగాక వచ్చే బలహీనత, వీటన్నిటితో నవారు సాగుతుంది. పైనున్నది కిందికి దిగుతుంది, లేదా దగ్గితే తుమ్మితే మూత్రం పడుతుంది. దీన్ని పట్టించుకోవడమే మా పని. మరి నవారు వదులైతే ఏం చేస్తాం? విప్పి బిగిస్తాం. పరుపు తీసి వీధిలో పడెయ్యం కదా.

మనం మాత్రం ఏళ్లుగా పరుపులు తీసి పడేస్తున్నాం.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. మన ఆంధ్రలో 8.9 శాతం, దేశంలోకెల్లా ఎక్కువ. తెల్లబట్ట అవుతోందని తీశారు, నడుం నొప్పని తీశారు, "ఉంచితే క్యాన్సరవుద్ది" అని భయపెట్టి తీశారు, జారిందని తీశారు. మా ఓపీకి వచ్చే యాభై దాటిన వాళ్లలో "పెద్దాపరేషనయిందండి" అని, అంటే గర్భసంచి తీసేశారని, ఎవరైనా చెబితే నాకిప్పుడు ఆశ్చర్యం వెయ్యదు. ఆ మాటకి మళ్లీ వస్తాను.

నేను పీజీ చేసింది ఈ డెల్టాలోనే, ఒక బోధనాసుపత్రిలో. పేరెందుకు, ఏ బోధనాసుపత్రి తీసుకున్నా పెద్ద తేడా ఉండదు. మూడేళ్ల ఎంఎస్‌లో జారిన గర్భసంచిని కింది నుంచి తీసే కేసంటే మాకు పండగ. పొట్ట మీద గాటుండదు, చేతికొస్తే పేరొస్తుంది. "ఈసారైనా నాకిస్తారా మేడం" అని థియేటరు బయట కాచుకుని ఉండేవాళ్లం. మొదటి రెండేళ్లూ కోతని తెరిచి ఉంచే రిట్రాక్టరు పట్టుకుని నిలబడ్డాం, మూడో ఏడాది చేతికి కత్తెరొచ్చింది. గర్భసంచి ట్రేలో పడగానే సీనియర్లు గ్లవ్స్ విప్పేసేవారు. "క్లోజ్ చేసెయ్యమ్మా" అనేసి టీకి వెళ్లేవారు.

అసలు పని అప్పుడే మొదలవుతుందని నాకు ఎన్నో ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. గర్భసంచి తీసేశాక పైన మిగిలిన కొసని వెనకున్న లిగమెంట్లకి గట్టిగా కట్టాలి. కట్టకపోతే తిరగేసిన మేజోడులా అదే కిందికి దిగుతుంది. కొత్త చేతికైనా అదేమంత పెద్ద పని కాదు, ఎవరో ఒకరు పక్కన నిలబడి చూపించాలి, అంతే. మాకెవరూ చూపించలేదు. లాగ్‌బుక్‌లో గర్భసంచి ఎన్ని తీశావో రాసే గడి ఉంది. ఆ మనిషి ఏడాది తర్వాత ఎలా ఉందో రాసే గడి లేదు.

పరీక్ష చెయ్యడం కూడా అంతే. కేసు షీటులో "థర్డ్ డిగ్రీ ప్రోలాప్స్", అంటే మూడో దశ జారుడు, అని గిలికేసేవాళ్లం. యోని ముందు గోడ జారిందా, వెనక గోడా, పైకొసా, ఎంత జారింది, ఏదీ ఉండేది కాదు. 1996లోనే దీనికి అంతర్జాతీయంగా ఒక కొలత పద్ధతి వచ్చింది, పాప్-క్యూ అంటారు. యోని ద్వారం దగ్గరుండే హైమెన్ పొర గీతని సున్నా అనుకుని, పైకీ కిందికీ సెంటీమీటర్లలో మొత్తం 9 కొలతలు. దీనికి కోట్ల రూపాయల మెషీను అక్కర్లేదు. గీతలున్న స్టీలు కడ్డీ ఒకటి చాలు, అది ప్రతి గైనిక్ థియేటరు ట్రేలోనూ ఉంటుంది. ఆ గీతలు ఎందుకున్నాయో మా బ్యాచిలో ఒక్కరమూ అడగలేదు.

తర్వాత ఏడాది ఫెలోషిప్పుకి వేరే రాష్ట్రం వెళ్లాను. అమెరికాలో దీన్ని 2011లో విడి సబ్‌స్పెషాలిటీగా గుర్తించారు. గైనిక్ చదువు అయ్యాక మరో 3 ఏళ్లు చదవాలి. నాకు దొరికింది ఒక్క ఏడాదే, అయినా అది నా కళ్లు తెరిపించింది. మొదటి రెండు నెలలూ మా సారు నన్ను కత్తి పట్టనివ్వలేదు. "ముందు వినడం నేర్చుకో" అన్నారు. చిరాకేసింది. తర్వాత ఒకరోజు థియేటరులో, జారిన పైకొసని లోపల వెనకున్న సాక్రోస్పైనస్ లిగమెంటుకి కుట్టు వేసే కేసులో, నా చూపుడు వేలి మీద ఆయన వేలు పెట్టి లోపలికి నొక్కారు. అక్కడ కంటికేమీ కనపడదు, వేలికి తెలియాల్సిందే. "ఇదిగో ఎముక మొన, తగిలిందా? దాని వెనకే నరమూ రక్తనాళమూ ఉన్నాయి, అటు వెళ్లకు. మొన నుంచి రెండు వేళ్ల వెడల్పు లోపలికి రా. ఆఁ, అక్కడ." ఆ "అక్కడ" ఏ పుస్తకంలోనూ లేదు. రెండు రోజుల వర్క్‌షాపులో తెర మీద వీడియో చూస్తే వచ్చేదీ కాదు.

వర్క్‌షాపులంటే గుర్తొచ్చింది. జారిన గోడలకి లోపలి నుంచి మెష్, అంటే వలలాంటి గుడ్డ, పెట్టి కుట్టే పద్ధతి ఒకప్పుడు ఎంత జోరుగా సాగిందో! కిట్టు తెరిచి చూపించడం, గ్రూపు ఫోటో, సర్టిఫికెట్టు, భోజనం. తర్వాత లోపల ఒరుసుకుపోయి, నొప్పులతో, తీసెయ్యడానికీ వీల్లేక ఎంతమంది ఏడ్చారో ప్రపంచమంతా చూసింది. 2019 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ, జారుడుకి కింది నుంచి పెట్టే మెష్ అమ్మకాలే ఆపెయ్యమంది. మెష్ ఒక్కదానిదే తప్పని నేననను. ఎవరికి పెట్టాలి, ఎవరికి పెట్టకూడదు అన్న చదువు లేకుండా చేతులు ముందు పరిగెత్తడం కూడా తప్పే. ఇదే దేశంలో, బొంబాయిలో, శిరోద్కర్, పురందరే లాంటి వాళ్లు ఇంకా పిల్లలు కావాల్సిన వయసులోనే జారిన ఆడవాళ్ల కోసం గర్భసంచి తియ్యకుండా పైకి కట్టే ఆపరేషన్లు కనిపెట్టారు. మా పీజీలకి ఆ పేర్లు వైవాలో మార్కుల కోసం వచ్చు. చేసినవాళ్లని చూపించమంటే నేల చూపులు చూస్తారు.

ఇంకో సంగతి. గర్భసంచి రక్తనాళం కిందుగా, మూత్రపిండం నుంచి మూత్రసంచికి వచ్చే మూత్రనాళం వెళ్తుంది. మాది కోనసీమ, గన్నవరం అక్విడక్టు చూస్తూ పెరిగినదాన్ని. పైన కాలవ నీళ్లు పోతుంటే కింద వైనతేయ పారుతుంటుంది. పీజీలకి నేనదే చెప్తాను: "పైదాన్ని కట్టేటప్పుడు కింద నది ఉందని మర్చిపోకండి." మర్చిపోతే మూత్రనాళం దెబ్బతిని, పదో రోజున ఆ మనిషి పక్కంతా తడిసిపోతోందని మళ్లీ వస్తుంది. ఆపరేషన్ చివర్లో సిస్టోస్కోపుతో, అంటే మూత్రసంచిలోకి చూసే సన్నటి గొట్టంతో, లోపలికి చూస్తే, రెండు వైపులా మూత్రం చిమ్ముతోందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. కానీ స్కోపు యూరాలజీ వాళ్ల బీరువాలో ఉంటుంది, తాళం వాళ్ల సిస్టరు దగ్గర, సిస్టరు లీవులో. పేషెంటేమో మా గది నుంచి వాళ్ల గదికీ, వాళ్ల గది నుంచి మా గదికీ చీటీ పట్టుకుని తిరుగుతుంది. "ఇది గైనిక్ కేసు" అని వాళ్లు, "ఇది యూరో కేసు" అని మేము.

ఇందాక పెద్దాపరేషను దగ్గర ఆపాను కదా. రెండేళ్ల కిందట ఒకావిడ కోడలి స్కానింగుకి తోడు వచ్చి, కోడల్ని బయటికి పంపేసి, తలుపు దగ్గరే నిలబడింది.

"ఏంటమ్మా?"

"ఏం లేదండి."

కాసేపు కొంగు నలుపుకుంది. "కిందకి కాయలాగా దిగుతోందండి. నడుత్తుంటే ఒరుసుకుంటోంది."

"ఎన్నాళ్లయింది?"

"ఆరేడేళ్లవుద్దండి."

చూస్తే పుండు పడి ఉంది. కేసు షీటు కోసం అడిగితే ముప్ఫై ఎనిమిదో ఏట పెద్దాపరేషను అయిందని చెప్పింది. అప్పుడూ జారిందనే తీశారట. మళ్లీ జారిందమ్మా అని నేను చెప్పగానే నా మొహంలోకి అలా చూసి అడిగింది: "గర్భసంచి తీసేశారు కదండి. మళ్లీ జారడానికి ఇంకేం ఉందండి?"

ఆ ప్రశ్న వేసింది నన్నే అయినా, నాకు చదువు చెప్పిన వ్యవస్థ మొత్తాన్నీ అడిగినట్టనిపించింది. వారం రోజులు వార్డులో ఉంచి, పసుపుపచ్చటి అక్రిఫ్లావిన్ గ్లిజరిన్ మందులో తడిపిన గుడ్డ రోజూ మార్చి పుండు మానాక ఆపరేషన్ చేశాం. ఈసారి పైకొస కట్టాం.

మా పెద్ద మేడం ఒకరు, నాకు చాలా గౌరవం ఉన్న మనిషి, ఒక మీటింగులో అన్నారు: "లేబరు రూములో రక్తస్రావంతో ప్రాణాలు పోతుంటే నీకు ఈ దగ్గితే కారే గొడవేంటమ్మా?" ఆ మాటలో న్యాయం ఉంది. రాత్రంతా రక్తం బాటిళ్ల కోసం పరిగెత్తిన పీజీకి మధ్యాహ్నం కూర్చుని మూత్రం లెక్కలు రాసే ఓపిక ఎక్కడిది? కాదనను. కానీ ఆ లేబరు రూములో కింద చిరిగి మలద్వారం దాకా పోయిన కాన్పుని ఎవరు కుడుతున్నారు? తెల్లవారుజామున మూడింటికి, మినుకుమినుకుమనే లైటు కింద, ఫస్టియరు పీజీ. ఆ కుట్టు సరిగ్గా పడకపోతే ఆ పిల్ల జీవితాంతం గాలి ఆపుకోలేదు, బయటికీ రాదు, ఎవరికీ చెప్పదు. ప్రాణం పోలేదు కాబట్టి ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

ఎవరికీ చెప్పదు అన్నాను. మన దగ్గర నాట్లకి వెళ్లే ఆడవాళ్లు పొద్దున్నుంచి నీళ్లు తాగరు, తెలుసా? మడి గట్టున చాటెక్కడుంటుంది. రొయ్యల షెడ్డుల్లో గంటల తరబడి నిలబడి పని. పెళ్లిళ్లకి వెళ్లడం మానేస్తారు, బస్సులో కూర్చోవాలంటే టెన్షన్. ఇంట్లో మగాళ్లకి మాత్రం "దానికి ఎక్కడికీ రావడం ఇష్టం ఉండదండి" అనిపిస్తుంది.

వాళ్లకి జబ్బు వివరించడానికి నాకు మా కాలవలే పనికొచ్చాయి. దగ్గితే పడేది ఒక రకం: లాకు తలుపు పాతబడి కారడం. ఉన్నట్టుండి ఆగకుండా వచ్చేది ఇంకో రకం: లాకు చూసుకునే లస్కరు చెప్పాపెట్టకుండా తలుపెత్తెయ్యడం. రెండూ నీళ్లే, వైద్యం వేరు. మొదటిదానికి కండరాలకి వ్యాయామం, అది చాలకపోతే ఆపరేషన్. రెండోదానికి అలవాట్లు మార్చడం, మందులు. రెండోదానికి ఆపరేషన్ చేస్తే ఏం లాభం? అయినా చేసేస్తుంటారు. వ్యాయామం కూడా "కెగెల్ చెయ్యమ్మా" అని చీటీ మీద రాసి పంపితే రాదు. బిగించమంటే సగం మంది ముక్కుతారు. గ్యాసు ఆపుకున్నట్టు లోపలికి లాగాలని చెప్పి, వేలితో చూసి, సరిగ్గా బిగుస్తోందని నిర్ధారించుకున్నాక పంపాలి. రోజుకి మూడుసార్లు, ప్రతిసారీ కనీసం ఎనిమిది, మూడు నెలల పాటు. దానికి ఒక ఫిజియోథెరపిస్టు కావాలి. ఉన్న ఒక్కరూ ఆర్థో వార్డు వదిలి రాలేరు.

రింగు పెస్సరీల సంగతీ అంతే. ఆపరేషన్ వద్దనుకున్నవాళ్లకీ, ఒళ్లు బాగోలేక చెయ్యలేనివాళ్లకీ లోపల పెట్టే రింగు, తీసి కడిగి మళ్లీ పెట్టుకోవచ్చు. 65, 70, 75 మిల్లీమీటర్లు కావాలని మూడుసార్లు ఇండెంటు పెట్టాను. మూడోసారి స్టోరు నుంచి ఫోనొచ్చింది: "మేడం, ఇవి పైపుల వాషర్లాండి?"

మూడు రోజులు ఎన్నిసార్లు వెళ్లారో, ఎంత పోశారో రాసుకురమ్మని డైరీ కాగితాలిస్తాం. మొన్న ఒక మామ్మగారు ఖాళీ కాగితం తిరిగిచ్చి, కొంగు ముడి విప్పి బల్ల మీద చింతపిక్కలు పోశారు. మూడు చిన్న మూటలు, రోజుకొకటి. వెళ్లినప్పుడల్లా ఒక పిక్క. ఆపుకోలేక పడిపోయినప్పుడు పిక్కని గచ్చు మీద అరగదీసి తెల్లగా చేసి వేశారు, అష్టాచెమ్మాకి అరగదీసినట్టు. నల్లవి పదకొండు, తెల్లవి నాలుగు. నల్లవి పదమూడు, తెల్లవి ఆరు. మా ఇద్దరు పీజీలూ కుర్చీలు ముందుకి లాక్కుని లెక్కపెట్టారు. అంత శుభ్రమైన డైరీ నేను ఫెలోషిప్పులో కూడా చూడలేదు.

పెయింటరు గారు నిన్న మళ్లీ వచ్చారు. మా సిస్టరే తేల్చేసింది. "ఆళ్లంతా దీన్ని గురారం ఓపీ అంటున్నారు కదండి, అదే రాయించెయ్యండి." నిజమే. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయిని కూడా "గురారం గదెక్కడ బాబూ" అనే అడుగుతున్నారట. అడిగేవాళ్లకి సిగ్గు లేదు, చెప్పేవాడికి ఇబ్బంది లేదు.

నీలం రంగుతో పెద్ద అక్షరాల్లో రాశారు: గురువారం ఓపీ, మధ్యాహ్నం 2 గంటలకు, ఆడవారికి మాత్రమే. ఆర్డరు కాగితంలో ఉన్న పేరు కింద చిన్నగా ఇరికించారు. అందులో ఒక దీర్ఘం తప్పు పోయింది. ఉండనిమ్మన్నాను.