సఫారీ జీపులో చెప్పని కథ

దక్షిణాఫ్రికా టూర్ ప్యాకేజీలు చాలావరకు ఒకే వరసలో ఉంటాయి. చరిత్రకు కేప్‌టౌన్, జంతువులకు క్రూగర్ నేషనల్ పార్కు. నగరంలో గైడు వర్ణవివక్ష గురించి చెబుతాడు, అడవిలో గైడు సింహం అడుగుజాడలు చూపిస్తాడు. ఆ అడవిలో మనుషులెవరూ ఎన్నడూ బతకలేదేమో అనిపిస్తుంది. నా అభ్యంతరమల్లా దానికే.

కేప్‌టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్‌ను 1966లో ప్రభుత్వం తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించింది. తర్వాతి ఏళ్లలో 60 వేల మందికి పైగా జనాన్ని వెళ్లగొట్టి ఇళ్లు నేలమట్టం చేసింది. అక్కడి మ్యూజియంలో నేల మీద ఆ పేట పటం పరిచి ఉంటుంది. తమ ఇల్లు ఎక్కడుండేదో పాత కాపురస్తులే వచ్చి దానిమీద చేత్తో రాశారు.

ఏ జాతివాళ్లు ఎక్కడ ఉండాలో శాసించిన ఇదే వర్ణవివక్ష చట్టం డర్బన్‌లో కేటో మేనర్ అనే పేట నుంచి భారతీయ కుటుంబాలనూ కదిలించింది. 1860 నుంచి మద్రాసులో ఓడెక్కి చెరకు తోటల కూలికి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. మనకు మరీ పరాయి గొడవేం కాదు.

డిస్ట్రిక్ట్ సిక్స్ ప్రకటన వెలువడిన మూడేళ్లకు, 1969లో, క్రూగర్ ఉత్తర కొసన పఫూరిలో మకులేకె జనం వంతు వచ్చింది. లిమ్‌పోపో, లువువు నదుల మధ్య ఉన్న వాళ్ల నేలను పార్కులో కలిపేశారు. తుపాకులు చూపించి, వాళ్ల గుడిసెలకు వాళ్లచేతే నిప్పు పెట్టించారు.

1998లో ఆ భూమి మళ్లీ మకులేకెల పేరిట దఖలు పడింది. ఒప్పందం ప్రకారం అక్కడ సాగు చేయరు, కాపురం ఉండరు. నేలను వన్యప్రాణులకే వదిలి, లాడ్జీలకు లీజుకిచ్చి ఆదాయం పొందుతున్నారు. దీన్ని పూర్తి న్యాయం అనలేను. పట్టా వచ్చింది కానీ పాత ఊరు రాలేదు. 2020లో కోవిడ్‌తో విదేశీయుల రాక ఆగినప్పుడు, పర్యాటకుల మీదే నిలిచిన రాబడి ఎంత అస్థిరమో కూడా తెలిసొచ్చింది. అయినా అడవిని కాపాడటానికి జనాన్ని తరమక తప్పదనే పాత వాదనకు ఇంతకన్నా గట్టి జవాబు నాకు కనిపించదు.

మరి ఏజెంట్లు అటు ఎందుకు తీసుకెళ్లరు? పార్కు దక్షిణ భాగంలో విమానాశ్రయాలు దగ్గర, సింహాలు ఎక్కువ. రెండు రాత్రుల్లో ఫొటోలతో సహా పని ముగిసిపోతుంది. దక్షిణాన ఉన్న స్కుకూజా విడిది నుంచి ఉత్తరాన పుండా మరియా విడిది దాకా వెళ్లాలంటే, పార్కులో తారురోడ్డు మీద కూడా గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు కాబట్టి, రోజంతా పడుతుంది. అటు వెళ్లేవాళ్లు కనీసం రెండు రాత్రులు అదనంగా పెట్టుకోవాలి. వందల ఏళ్ల కిందటి రాతిగోడల ఊరు తులామెలా ఆ వైపే ఉంది. తవ్వకాల్లో బంగారు నగలు దొరికిన చోటది. పార్కు గైడు లేనిదే అక్కడికి పోనివ్వరు, కాబట్టి బుకింగ్ ముందే చేసుకోవాలి. సింహం కనిపించకపోతే డబ్బులు దండగ అనుకునేవాళ్లకు మాత్రం దక్షిణమే మేలు.