దిక్కు తెలియని వాళ్లకు దిక్కెవరు?

గుంటూరులో మా ఇంటికి రెండు వీధుల అవతల, ఒక మేడమీద పోర్షన్‌లో సూడాన్ కుటుంబం ఒకటి అద్దెకుంటోంది. భర్త దగ్గర్లోని ఒక యూనివర్సిటీలో చదువుకోవడానికి వచ్చాడు. చదువు సగంలో ఉండగా, 2023 ఏప్రిల్ 15న వాళ్ల రాజధాని ఖార్టూమ్‌లో సైన్యానికీ, పారామిలటరీ దళానికీ మధ్య యుద్ధం మొదలైంది. ఆ తర్వాత ఆ దేశంలో కోటి మందికి పైగా ఇళ్లు వదిలి పారిపోయారు. ఆ కోటి మందిలో ఇతని భార్యా, ఇద్దరు పిల్లలూ ఉన్నారు. బంధువుల ఊళ్లలో తలదాచుకుంటూ పోర్ట్ సూడాన్ చేరి, ఏడాది దాటాక రెండు సూట్‌కేసులతో గుంటూరు స్టేషన్‌లో దిగారు.

యుద్ధం మొదలైన రోజుల్లోనే మన ప్రభుత్వం ‘ఆపరేషన్ కావేరి’ పేరుతో 3,800 మందికి పైగా భారతీయులను ఓడల్లో, విమానాల్లో వెనక్కి తెచ్చింది. మనవాళ్లు వచ్చింది సొంత ఇంటికి. ఈమె వచ్చింది పేరు పలకడం కూడా రాని ఊరికి.

పాత తెలుగులో ఇలాంటి వాళ్లను కాందిశీకులు అనేవాళ్లు. బర్మా కాందిశీకులు అన్న మాట మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ విన్నాను. 1941 డిసెంబర్‌లో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన బయల్దేరారు. వాళ్లలో మన కోస్తా జిల్లాల కూలీలు చాలామంది. ‘కాం దిశం’ అంటే ‘ఏ దిక్కుకు?’ అని. ప్రాణభయంతో పరిగెత్తే మనిషి అడిగే ప్రశ్నే అతనికి పేరైంది. ఇప్పుడు మనం శరణార్థి అంటున్నాం. శరణార్థి అన్నప్పుడు చేయి చాచిన మనిషి, ఆ చేతిలో ఏదో పెట్టే మనం కనిపిస్తాం. కాందిశీకుడు అన్నప్పుడు దారి తెలియక నిలబడిపోయిన మనిషి కనిపిస్తాడు. పెట్టడం మనకు బాగా వచ్చు. దారి చూపడం ఇంకా రాలేదనే నేను ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆ కుటుంబం దిగిన మర్నాడే వీధంతా కదిలింది. పరుపులు, బియ్యం, ఒక పాత మిక్సీ, పిల్లలకు బట్టలు. రెండు రోజుల్లో ఆ చిన్న పోర్షన్‌లో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. ఐదో రోజు రాత్రి పెద్దపిల్లకు జ్వరం వచ్చింది. తండ్రి పనిమీద హైదరాబాద్ వెళ్లాడు. తెల్లవారేసరికి తల్లి పిల్లను ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. ఆసుపత్రి ఎటు ఉందో, అక్కడ డబ్బు కట్టాలో అక్కర్లేదో, ఆటో అతనికి ఏమని చెప్పాలో ఆమెకు తెలియదు. ఇంటినిండా సామానుంది. వెంట వచ్చే మనిషే లేదు.

పాలకు వెళ్తున్న ఒక డిగ్రీ కుర్రాడు చూసి, తన అమ్మను లేపి, పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. ఓపీ చీటీ ఎక్కడ రాయించాలి, పిల్లల వార్డు ఎటు, రక్తపరీక్ష రిపోర్టు కోసం ఎన్నింటికి రావాలి అన్న మూడు సంగతులు తెలుసుకోవడానికి మనలాంటి వాళ్లకే అరపూట పడుతుంది. ఆ పూటంతా ఆ తల్లీకొడుకులు ఆమె పక్కనే ఉన్నారు. వాళ్లు చేసిందే నా దృష్టిలో అసలైన సేవ. దానికి చందాలు అక్కర్లేదు, బ్యానర్ అక్కర్లేదు, ఒక పూట కావాలి.

భాష సంగతి వచ్చేసరికి మేమంతా ఫోన్‌లో అనువాదం యాప్‌ల మీద ఆధారపడ్డాం. జ్వరం, దగ్గు వరకు అది పనికొచ్చింది. ‘రాత్రుళ్లు పిల్లవాడు ఎందుకు ఉలిక్కిపడి లేస్తున్నాడు’ అని అడగాల్సి వచ్చేసరికి ఫోన్ చాలలేదు. అప్పుడు పక్క పేట నుంచి ఒక అక్క వచ్చింది. ఆమె పన్నెండేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చింది. కువైట్ అరబ్బీకీ సూడాన్ అరబ్బీకీ తేడా ఉన్నా, గుమ్మంలోనే నిలబడి ఆమె నాలుగు మాటలు అనగానే ఆ తల్లి మొహం విప్పారింది. తర్వాత గంటసేపు ఏడ్చింది. అన్ని రోజుల్లో ఆమె మనసు విప్పి మాట్లాడటం అదే మొదలు. ‘కొత్తలో ఆ ఇంట్లో నాకు మంచినీళ్లు అడగడం కూడా రాలేదండీ. ఈ పిల్లను చూస్తే నన్ను నేను చూసుకున్నట్టుంది’ అంది ఆ అక్క నాతో.

ఇది నాకు కళ్లు తెరిపించిన సంగతి. వాలంటీర్ అనగానే మనం టీషర్టు వేసుకున్న కాలేజీ పిల్లలను ఊహించుకుంటాం. గల్ఫ్ వెళ్లొచ్చిన ఆడవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో చూడండి. కడపలో, గోదావరి జిల్లాల్లో, మన దగ్గరా. పరాయి ఇంట్లో, పరాయి భాషలో, పాస్‌పోర్టు తన చేతిలో లేకుండా బతకడం ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు. ఏ ట్రైనింగూ ఇవ్వలేని అర్హత అది. వాళ్లను ఎవరూ పిలవరు, ఎందుకంటే వాళ్ల అనుభవాన్ని మనం చదువుగా లెక్కపెట్టం.

అర్బన్ హెల్త్ సెంటర్‌లో టీకాల రోజు చూశాను. పిల్లవాడి టీకాల కార్డు అరబ్బీలో ఉంది. ఏఎన్‌ఎం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అక్క పక్కన కూర్చుని ఒక్కో వరుసా వేలితో చూపిస్తూ తేదీలు చదివింది, ఏఎన్‌ఎం కొత్త కార్డులో రాసుకుంది. యుద్ధం మొదలైన నెల తర్వాత గడులన్నీ ఖాళీ. అక్కడ అక్క వేలు ఆగిపోయింది. ఏఎన్‌ఎం ఏమీ అడగలేదు, సిరంజి తీసింది.

కాగితాల పని దీనికంటే కష్టం. మన దేశం ఐక్యరాజ్య సమితి 1951 శరణార్థుల ఒడంబడిక మీద సంతకం చేయలేదు, దాన్ని విస్తరించిన 1967 ప్రోటోకాల్ మీదా చేయలేదు. శరణార్థి అంటే ఎవరో చెప్పే చట్టం మనకు లేదు. బయటి నుంచి వచ్చిన ప్రతి ఒక్కరూ చట్టం ముందు విదేశీయులే. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త వలస, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. యుద్ధం నుంచి పారిపోయి వచ్చినా మన లెక్కల్లో ఈ కుటుంబానికి ఉన్నది భర్త స్టూడెంట్ వీసా ఒక్కటే. అది ఉన్నన్నాళ్లు ఫర్వాలేదు. అది లేని వాళ్లు ఢిల్లీలోని ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ దగ్గర కార్డు తీసుకుంటారు, కానీ ఆ కార్డుతో ఆధార్ రాదు. ఆధార్ లేనిదే బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, అద్దె ఇల్లు ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు.

అలాగని చట్టం మొత్తం గోడ కట్టేయలేదు. రాజ్యాంగం 21వ అధికరణం జీవించే హక్కును పౌరులకే పరిమితం చేయలేదు, ‘వ్యక్తి’ అంది. అప్పటి తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన చక్మా శరణార్థుల కేసులో 1996లో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల ప్రతి పిల్లకూ బడి అంటుంది. వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకుండా ఉండకూడదంటుంది. 2025 ఫిబ్రవరిలో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా పిల్లలు ప్రభుత్వ బడులకు వెళ్లి అడగవచ్చని, చేర్చుకోకపోతే హైకోర్టుకు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ కాగితం మీద ఉన్న తలుపులు. పెద్దపిల్లను ఒక బడికి తీసుకెళ్తే మొదటిరోజు టీసీ అడిగారు. ఖార్టూమ్‌లో ఆ బడి భవనమే లేదు. మర్నాడు మా రిటైర్డ్ టీచర్ ఒకాయన చట్టం ప్రతి చేతపట్టుకుని, గొంతు పెంచకుండా, టీ తాగుతూ కూర్చుని మాట్లాడి చేర్పించారు. హక్కు ఉండటానికీ అది అందడానికీ మధ్య అలా కూర్చుని మాట్లాడే మనిషి ఒకరు కావాలి.

ఇక్కడే ఒక జాగ్రత్త. సాయం చేసేవాళ్లు దేన్నీ దాచిపెట్టకూడదు. విదేశీయులకు అద్దెకిస్తే 24 గంటల్లోగా ఇంటాయన ఆన్‌లైన్‌లో వాళ్ల వివరాలు నింపి పంపాలి. 180 రోజులు మించి ఉండే వీసా అయితే వచ్చిన 14 రోజుల్లో పేర్లు నమోదు చేయించుకోవాలి. జిల్లాల్లో ఆ పని ఎస్పీ ఆఫీసులో జరుగుతుంది. పోలీసుల పేరెత్తగానే టెన్షన్ పడే కుటుంబాన్ని, చెమటలు పట్టే ఇంటి ఓనర్‌ను ఇద్దరినీ కూర్చోబెట్టి ఈ రెండు పనులు పూర్తి చేయించడం సరుకులిచ్చిన దానికన్నా ఎక్కువ మేలు చేసింది. గుట్టుగా చేసిన దయ చివరికి వాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

మన రాష్ట్రంలో వాలంటీర్ అన్న మాటకు ఇంకో చరిత్ర ఉంది. 2019లో వచ్చిన గ్రామ, వార్డు వాలంటీర్లు 50 ఇళ్లకు ఒకరు ఉండేవాళ్లు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. ఆ వ్యవస్థ మంచిచెడ్డల మీద రాజకీయ వాదన నాకు అక్కర్లేదు. దాన్నుంచి రెండు సంగతులు మాత్రం నేర్చుకున్నాను. తలుపు కొట్టే మనిషి తెలిసినవాడైతే ఆఫీసు భయం సగం పోతుంది. కాగితాలన్నీ ఆ మనిషి గుప్పిట్లో ఉంటే కొత్త భయం పుడుతుంది. మా దగ్గర ఒక అబ్బాయి మంచి మనసుతోనే ఆ కుటుంబం పాస్‌పోర్టుల ఫొటోలన్నీ తన ఫోన్‌లో పెట్టుకున్నాడు. తీసేయమన్నాం. ఒరిజినల్స్, కాపీలు అన్నీ ఆ తల్లి చేతిలోనే, ఒక ప్లాస్టిక్ ఫైలులో. వాట్సాప్ స్టేటస్‌లో పిల్లలతో సెల్ఫీలు కూడా వద్దన్నాం. కొందరు నొచ్చుకున్నారు. కానీ ఆమె అన్నదమ్ములు ఇంకా అక్కడే ఉన్నారు. ఏ ఫొటో ఎవరి కంటపడితే ఏమవుతుందో మనకు తెలియదు.

ఒక్కసారిగా ముందుకురికి తర్వాత మాయమైపోవడం మన పాత జబ్బు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు విజయవాడను ముంచినప్పుడు నేనూ వెళ్లాను. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర పులిహోర పొట్లాలు గుట్టలుగా ఉండేవి, లోపలి వీధుల్లో మేడల మీద జనం ఆకలితో ఉండేవారు. పదో రోజుకు నీళ్లు తీశాయి, మనమూ తీశాం. అప్పుడు మొదలైంది అసలు పని. బురద ఎత్తడం, తడిసిన సర్టిఫికెట్లు, బండి ఇన్సూరెన్స్ క్లెయిములు, నష్టం జాబితాలో పేరు లేదని సచివాలయం చుట్టూ తిరగడం. ఆ క్యూలో వాలంటీర్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది.

కెనడాలో 1979 నుంచి మామూలు జనమే గుంపుగా చేరి ఒక శరణార్థి కుటుంబాన్ని పిలిపించుకునే పద్ధతి ఉంది. కనీసం ఐదుగురు, ఏడాది పాటు. అద్దె, బడి, భాష క్లాసు, డాక్టర్, అంతా ఆ ఐదుగురి పూచీ. ఈ దారిలో 3 లక్షల మందికి పైగా అక్కడ కుదురుకున్నారు. ఆ పని చేసేవాళ్లు ‘పదమూడో నెల’ అని ఒక మాట వాడతారు. పూచీ ముగిసిన మర్నాటి నుంచి ఆ కుటుంబం ఎలా నిలబడుతుందన్న దిగులు అది. అందుకే మంచి బృందాలు మొదటి నెల నుంచే వెనక్కి తగ్గడం మొదలుపెడతాయి. ముందు బ్యాంకుకు తామే తీసుకెళ్తారు, తర్వాత వెంట వెళ్తారు, ఆ తర్వాత వాళ్లను పంపి తాము ఫోన్ దగ్గర ఉంటారు. అమెరికాలో 2023లో ఇలాంటిదే మొదలై రెండేళ్లకే ఆగిపోయింది. కెనడా కూడా 2024 నవంబర్‌లో ఐదుగురి బృందాల కొత్త దరఖాస్తులు నిలిపేసింది. ప్రభుత్వాల మనసు మారుతూ ఉంటుంది. ‘పదమూడో నెల’ అన్న ఆలోచన మాత్రం మనం తెచ్చుకోవాల్సిందే. మేమూ ఐదుగురం పంచుకున్నాం. బడి ఒకరు, ఆసుపత్రి ఒకరు, కాగితాలు ఒకరు, భాష అక్క, బజారు పని మా ఆవిడ.

బజారులోనే ఒకరోజు ఆ తల్లి ఎర్ర గోంగూర కట్ట దగ్గర ఆగిపోయిందట. కాడను చిదిమి వాసన చూసి, ‘కర్కదే, కర్కదే’ అందట. వాళ్ల దేశంలో ఈ మొక్క పువ్వుల అడుగున ఉండే ఎర్ర తొడుగులను ఎండబెట్టి షర్బత్ చేసుకుంటారు. మనం ఆకు తింటాం, వాళ్లు పువ్వు తాగుతారు. ఆ సాయంత్రం ఆమె మమ్మల్ని పిలిచి అల్లం వేసిన కాఫీ ఇచ్చింది. వద్దనబోయిన మా కుర్రాడిని అక్క కళ్లతోనే ఆపింది. ఎప్పుడూ తీసుకునే వైపే ఉండాల్సి రావడం ఎంత బరువో అక్కకు తెలుసు.

‘మనవాళ్లకే దిక్కు లేదు, వీళ్లెందుకు?’ అని టీకొట్టు దగ్గర నన్ను అడిగినవాళ్లున్నారు. ఆ ప్రశ్నను నేను తప్పుపట్టను. ఇటుక బట్టీల్లో ఒడిశా పిల్లలున్నారు, మిర్చి యార్డులో బీహార్ కూలీలున్నారు. వాళ్లకూ ఓపీ చీటీ ఎక్కడో తెలియదు. కానీ ఈ ఒక్క కుటుంబం వెంట తిరిగాకే మాకు ఆ బడి మెట్లు, ఆ కౌంటర్లు, ఆ మాటతీరు అలవాటయ్యాయి. ఈ జూన్‌లో అదే టీచర్‌గారు బట్టీ నుంచి ఇద్దరు ఒడియా పిల్లలను అదే బడికి తీసుకెళ్లారు. ఈసారి టీసీ అడగలేదు.

భర్త చదువు ఇంకో ఏడాదిలో అయిపోతుంది. దాంతోపాటు వీసా కూడా. ఆ తర్వాత ఢిల్లీ వెళ్లి శరణార్థి కార్డుకు దరఖాస్తు చేయాలా, ఇంకో కోర్సులో చేరాలా, సూడాన్‌లో తుపాకులు ఆగుతాయా అన్నవి మా ఐదుగురి చేతిలో లేనివి. వాళ్ల వంటింటి గోడకు తెలుగు క్యాలెండర్ ఒకటి వేలాడుతోంది. అందులో పిల్లవాడి టీకా తేదీ, కరెంటు బిల్లు తేదీ మొదట్లో మేమే రాసేవాళ్లం. ఇప్పుడు ఆమే రాస్తోంది, కుడి నుంచి ఎడమకు, అరబ్బీలో. వీసా గడువు తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. మొన్న వెళ్లినప్పుడు దాని కింద మా ఐదుగురి ఫోన్ నంబర్లు కనిపించాయి.