మలిచూలుకే ఎక్కువ సాయం కావాలి

తొలిచూలు నాడు ఇంటిల్లిపాదీ గర్భిణి చుట్టూ తిరుగుతారు. తిన్నావా, పడుకున్నావా, బరువులు ఎత్తకు, మెట్లు మెల్లగా దిగు అంటూ రోజుకు పదిసార్లు చెబుతారు. మూడేళ్లు తిరగకుండా ఆమె మళ్లీ నెల తప్పితే ఆ జాగ్రత్తల్లో సగం కనిపించకుండా పోతాయి. పలకరించేవాళ్లు ముందు పెద్దబిడ్డ గురించి అడుగుతారు, ఆ తరువాత ఆమెతో "నీకేం, అనుభవం ఉందిగా" అంటారు. ధైర్యం చెప్పాలనే ప్రేమతో అనే మాటే అది. అయినా మలిచూలాలికి అందవలసిన సాయాన్ని అన్నిటికంటే ముందు తగ్గిస్తున్నది ఆ మాటేనని నా అభిప్రాయం. ఇంట్లో రెండు మూడేళ్ల పిల్ల తిరుగుతుండగా వచ్చిన గర్భానికి తొలి గర్భం కంటే ఎక్కువ సాయం కావాలి. ఆ సాయం కాన్పు అయ్యాక మొదలైతే చాలదు, దానికి నాలుగైదు నెలల ముందే మొదలు కావాలి.

అనుభవం వల్ల భయం తగ్గుతుందన్న మాట ఒప్పుకోవలసిందే. వేవిళ్లు ఎప్పటికి తగ్గుతాయో, నొప్పులు ఏ తీరులో వస్తే ఆసుపత్రికి బయలుదేరాలో ఆమెకు తెలుసు. తొలిసారి 20 వారాల దగ్గర గాని తెలియని బిడ్డ కదలికను ఈసారి 16 వారాలకే గుర్తుపట్టగలదు. ఒంటికి మాత్రం ఆ పాత అనుభవంతో పని లేదు. నెత్తురు మళ్లీ 40 నుంచి 50 శాతం దాకా పెరగాలి, గుండె నిమిషానికి పంపే రక్తం మళ్లీ 30 నుంచి 50 శాతం ఎక్కువ కావాలి, కటి కీళ్లు మళ్లీ వదులు కావాలి. తొలిసారి ఇదంతా జరుగుతున్నప్పుడు ఆమె కళ్లు మూతపడితే కాసేపు నడుం వాల్చగలిగింది. ఈసారి ఆమె నిద్ర పెద్దబిడ్డ నిద్రను బట్టి ఉంటుంది. ఏడాది నుంచి రెండేళ్ల వయసు పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అంటే ఎంత బాగా నిద్రపోయే పిల్ల అయినా రోజులో పది గంటలు మెలకువగానే ఉంటుంది, ఆ పది గంటల్లో పన్నెండు కిలోలకు దగ్గరగా ఉన్న ఆ ఒళ్లును మంచం మీది నుంచి దించడానికి, స్నానానికి, కడగడానికి, ఏడుస్తుంటే సముదాయించడానికి తల్లి ఎన్నిసార్లు ఎత్తుతుందో లెక్క పెట్టేవాళ్లు ఉండరు. బరువులు ఎత్తవద్దని హెచ్చరించేవాళ్లకు ఆ చంకలోని బిడ్డ బరువుగా కనిపించదు.

పైగా అనుభవం ధీమాను మాత్రమే ఇచ్చి, తెలుసుకోవలసినదాన్ని మరుగుపరిచే చోట్లు కూడా ఉన్నాయి. సైటోమెగాలోవైరస్ అనే వైరస్ పసిపిల్లల లాలాజలంలోనూ మూత్రంలోనూ నెలల తరబడి ఉండవచ్చు. పిల్లలో జబ్బు లక్షణం ఒక్కటీ కనిపించకపోవచ్చు గాని, గర్భిణికి సోకి కడుపులోని బిడ్డకు చేరితే ఆ బిడ్డకు చెవుడు రావచ్చు; పుట్టుకతో వచ్చే చెవుడుకు కారణమయ్యే ఇన్‌ఫెక్షన్లలో అదే ముఖ్యమైనది. పిల్ల తిని వదిలేసిన ఎంగిలి తాను తినకపోవడం, ఒకే చెంచాతో తినకపోవడం, డైపర్ మార్చిన తరువాతా చొంగ తుడిచిన తరువాతా సబ్బుతో చేతులు కడుక్కోవడం, పెదవుల మీద కాక నుదుటి మీద ముద్దు పెట్టుకోవడం అనే చిన్న జాగ్రత్తలతో ఆ ముప్పును చాలావరకు తగ్గించుకోవచ్చు. ఇంట్లో పసిబిడ్డ ఉన్న తల్లికి ఈ నాలుగు మాటలు తప్పకుండా చెప్పాలి. మొదటిసారి ఇంట్లో పసిబిడ్డ లేదు కాబట్టి ఆమెకు అనుభవం ఇక్కడ అక్కరకు రాదు.

ఇంత కష్టమైతే ఎడం ఉంచుకోవలసింది కదా అనేవాళ్లు ఉన్నారు. ఒక కాన్పు తరువాత మళ్లీ గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం 24 నెలలు ఆగడం మంచిదని 2005లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సూచించిన మాట నిజమే, ఆ సూచనను నేనూ గౌరవిస్తాను. పాత తరాలవాళ్లు అరడజను మందిని కని పెంచలేదా అనే వాదన కూడా తరచూ వినిపిస్తుంది. వాళ్లు పెంచారు, కానీ ఆ తల్లుల ఒళ్లు ఎంత అరిగిపోయిందో అప్పుడు అడిగినవాళ్లు లేరు. ఎడం తక్కువైనా ఎక్కువైనా, ఇప్పుడు కడుపుతో ఉన్న తల్లికి కావలసినది ఇప్పటి సాయం. నువ్వే కోరుకున్నావు కదా అని చెప్పి ఆ సాయాన్ని ఆపడం న్యాయం కాదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది ఈ నెలల్లో పెద్దబిడ్డ పరిస్థితి. తమ్ముడో చెల్లెలో పుట్టాక పెద్దబిడ్డ మారాం చేస్తే, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెడితే, పాలసీసా కావాలని ఏడిస్తే దానికి అసూయ అని పేరు పెట్టేస్తాం. అయితే ఆ బిడ్డ పోగొట్టుకున్నది పాపాయి వచ్చిన రోజున పోలేదు. అమ్మ పరుగెత్తడం మానేసి అప్పటికి ఎన్నో నెలలైంది. వేవిళ్లతో వాసన పడక ముఖం తిప్పుకున్న అమ్మను, కథ మధ్యలో నిద్రలోకి జారుకున్న అమ్మను, ఒక్కొక్క నెలా చోటు తగ్గిపోతున్న ఒడిని ఆ బిడ్డ చూస్తూనే ఉంది. ఒకవేళ ఇంకా పాలు తాగుతున్న పిల్ల అయితే, గర్భం పెరిగే కొద్దీ పాలు తగ్గుతాయి, రుచి కూడా మారుతుంది; ఆ మార్పు ఎందుకో ఆ వయసుకు తెలిసే వీలు లేదు. ఇవన్నీ జరిగిపోయిన తరువాత పాపాయి ఇంటికి వస్తుంది.

అందువల్ల గర్భం నాటి మాటలకు నేను చాలా విలువ ఇస్తాను. "ఎత్తుకోను, బొజ్జలో పాపాయికి దెబ్బ తగులుతుంది" అన్న మాట దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. మా ఇంట్లోనూ అదే మాట అన్నాం, ఎందుకన్నామా అని ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇంకా పుట్టని, కంటికి కనిపించని ఒకరి వల్ల తనకు అమ్మ చంక దక్కకుండా పోయిందని ఆ మాటతో మనమే బిడ్డకు నేర్పుతున్నాం. "నాకు నడుము నొప్పిగా ఉంది, నేను కూర్చుంటాను, నువ్వు పక్కకు రా" అంటే అది పూర్తిగా నిజం, పైగా అందులో పాపాయి మీద నింద లేదు. నిలబడి ఎత్తుకోలేని రోజుల్లో కూర్చుని దగ్గరకు తీసుకోవచ్చు, పడుకుని పుస్తకం చదివి వినిపించవచ్చు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో జూడీ డన్, కరోల్ కెండ్రిక్ అనే పరిశోధకులు 40 కుటుంబాలను మలికాన్పుకు ముందు నుంచే గమనించి తేల్చిన ఒక విషయం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. పుట్టిన పాపాయికి ఏం కావాలో, ఎందుకు ఏడుస్తోందో పెద్దబిడ్డతో మాట్లాడి, ఆ పాపాయిని ఒక మనిషిగా పరిచయం చేసిన తల్లుల ఇళ్లలో తరువాతి నెలల్లో పిల్లల మధ్య స్నేహం ఎక్కువగా కనిపించింది. రెండున్నరేళ్ల పిల్లకు మూడు నెలలంటే ఎంతకాలమో తెలియదు, "ఎండలు తగ్గి వానలు మొదలయ్యాక" అంటే కొంతైనా అందుతుంది. దాదాపు 25 వారాల నుంచి కడుపులోని బిడ్డ బయటి శబ్దాలకు స్పందిస్తుందని చెప్పి, అక్కనో అన్ననో బొజ్జ దగ్గర పాట పాడమంటే ఆ పాటతోనే వాళ్ల పరిచయం మొదలవుతుంది.

అమెరికాలోని మిషిగన్‌లో బ్రెండా వోలింగ్ బృందం 241 కుటుంబాలను గర్భం చివరి నెలల నుంచి పాపాయికి ఏడాది నిండేదాకా పరిశీలించింది. ఎక్కువమంది పిల్లలు పెద్ద ఇబ్బంది లేకుండానే సర్దుకున్నారని అందులో తేలింది. నాకు ఇది ధైర్యాన్నిచ్చే విషయం. పిల్లలు సర్దుకోగలరు, వాళ్లకు కావలసింది చేయి అందించే ఇంకొక పెద్ద మనిషి.

ఆ రెండో మనిషి తండ్రి కావాలి. నాన్నమ్మో, అమ్మమ్మో, పిన్నో ఉంటే వాళ్లు పంచుకోవడం ఆ ఇంటి అదృష్టం, కానీ ముందు వరుసలో ఉండవలసినవాడు తండ్రే. పెద్దబిడ్డ స్నానం, రాత్రి నిద్రపుచ్చడం, అర్ధరాత్రి ఏడిస్తే లేవడం అనే మూడు పనులు అయిదో నెల దాటకముందే పూర్తిగా అతని చేతికి రావాలని నా వాదన. కాన్పు రోజున హడావుడిగా ఈ పనులు మార్చితే ఏం జరుగుతుందో చాలామందికి తెలుసు: అమ్మ ఆసుపత్రిలో ఉంటుంది, నాన్న దగ్గర నిద్రపోవడం అలవాటు లేని పిల్ల రాత్రంతా ఏడుస్తుంది, ఆ ఏడుపు అమ్మకు ఫోన్‌లో వినిపిస్తుంది. అమ్మే కావాలనే పట్టు సడలడానికి వారాలు పడుతుంది. ఆ వారాలు గర్భంలో ఉండగానే గడిచిపోతే, పాపాయి వచ్చిన రోజున పెద్దబిడ్డకు నాన్న పక్క అప్పటికే తన చోటుగా మారి ఉంటుంది. పక్క మార్చడం, డైపర్ మానిపించడం, బడికి పంపడం వంటి మార్పుల్ని కూడా కాన్పుకు ఆనుకుని పెట్టకుండా ముందుకో వెనక్కో జరపడం మంచిది. ఈ పనులను అతను "సాయం" చేస్తున్నాడని అనడం కూడా నాకు ఇష్టం లేదు, తన బిడ్డను తాను పెంచుకోవడం సాయం ఎలా అవుతుంది?

నిజానికి ఈ సమస్యకు మూలం ఇంటి గడప లోపల మాత్రమే లేదు. ప్రపంచంలో జీతం లేని సంరక్షణ పనిలో నాలుగింట మూడు వంతులకు మించి, అంటే 76.2 శాతం గంటలు, ఆడవాళ్లే చేస్తున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో ప్రకటించింది. అదే నివేదిక ప్రకారం సగటున ఆడవాళ్లు రోజుకు 4 గంటల 25 నిమిషాలు ఈ పనిలో గడుపుతుంటే మగవాళ్లు 1 గంట 23 నిమిషాలు గడుపుతున్నారు. వంట చేయడం, బిడ్డను కడగడం, జ్వరం వస్తే రాత్రంతా కూర్చోవడం జాతీయాదాయపు లెక్కల్లోకి రావు. అదే బిడ్డను జీతం తీసుకునే ఆయా చూసుకుంటే ఆ జీతం లెక్కలోకి వస్తుంది. లెక్కకు రాని పనిని పని అని గుర్తించడం కష్టం, పని అని గుర్తించనప్పుడు అది చేసే మనిషికి అలసట ఉంటుందనీ ఎవరికీ తోచదు. ప్రసూతి సెలవు కనీసం 14 వారాలు ఉండాలని ఆ సంస్థే 2000లో చేసిన 183వ ఒప్పందం చెబుతుంది. అది ఎంతో విలువైన రక్షణ, అందులో సందేహం లేదు. అయితే ఆ 14 వారాల లెక్క ఇంట్లో ఇంకొక పసిబిడ్డ ఉన్నా లేకపోయినా ఒక్కటే. పుట్టబోయే బిడ్డను గుర్తించిన ఆ పత్రంలో, ఈపాటికే అమ్మ కాళ్లకు చుట్టుకుని నడుస్తున్న బిడ్డకు ఇంకా చోటు దొరకలేదు.

ఆసుపత్రి కాగితాల్లోనూ ఇంతే. గర్భిణి వివరాలు రాసేటప్పుడు వైద్యులు "జీ 2, పీ 1" అని క్లుప్తంగా రాస్తారు, అంటే ఇది రెండో గర్భం, అంతకుముందు ఒక కాన్పు అయింది అని అర్థం. ఆ ఒకటి అనే అంకెకు ఇప్పుడు రెండేళ్లని, రాత్రి రెండుసార్లు లేస్తుందని, ఎత్తుకుంటే తప్ప మెట్లు ఎక్కదని ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు. గర్భిణి కనీసం 8 సార్లు వైద్య సిబ్బందిని కలవాలని 2016 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ ఎనిమిదింటిలో మొదటిసారే రక్తపోటు, బరువు చూసిన తరువాత, పక్కన నిలబడిన భర్తను ఒక ప్రశ్న అడిగి జవాబును అదే కాగితం మీద రాయాలి: "రాత్రిళ్లు పెద్దబిడ్డ ఏడిస్తే ఎవరు లేస్తున్నారు?"