దండ వేసి వచ్చేస్తే సరిపోదు

అక్టోబర్ 2 దగ్గర పడుతోందంటే మన సంఘం వాట్సాప్ గ్రూపులో హడావుడి మొదలవుతుంది. లండన్‌లోని టావిస్టాక్ స్క్వేర్‌కి ఎవరెవరు వస్తున్నారు, దండ ఎవరు తెస్తున్నారు, పిల్లల చేత భజన ఎవరు పాడిస్తున్నారు అని. మంచిదే. 1968 నుంచి అక్కడ కూర్చుని ఉన్న గాంధీ గారి పీఠంలో పూలు పెట్టడానికే ఒక గూడు కట్టారు. పూలు పెట్టాల్సిందే. ఫోటో దిగి అక్కడి నుంచి నేరుగా ఇంటికి వెళ్ళిపోతున్నామే, దాని గురించే నా బాధ.

పార్లమెంట్ స్క్వేర్‌లో ఇంకో గాంధీ ఉన్నారు. 2015 మార్చిలో ఆవిష్కరించిన ఈ తొమ్మిది అడుగుల కంచు విగ్రహం ఆయన 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చినప్పటి రూపం. ఫకీరు వేషంలో అర్ధనగ్నంగా వైస్రాయి భవనం మెట్లెక్కుతున్నాడని అదే ఏడాది ఈసడించిన చర్చిల్ విగ్రహం కూడా ఆ చౌరస్తాలోనే ఉంది. ఇంతవరకు మన పిల్లలకు తెలుసు.

ఆ సమావేశానికి వచ్చినప్పుడు గాంధీ ఎక్కడ బస చేశారో మాత్రం చాలామందికి తెలియదు. హోటల్ వద్దని తూర్పు లండన్‌లో కార్మికులుండే బో ప్రాంతానికి వెళ్ళారు. అక్కడి కింగ్‌స్లీ హాల్ అనే సేవాకేంద్రం డాబా మీద ఒక చిన్న గదిలో దాదాపు మూడు నెలలు ఉన్నారు. ఆ గది ఇప్పటికీ ఉంది. అక్కడి నుంచే లంకషైర్‌లోని డార్వెన్‌కి వెళ్ళారు. విదేశీ బట్టల బహిష్కరణ దెబ్బ తగిలిన మిల్లుల ఊరది. పనులు పోయినవాళ్ళ మధ్యకే వెళ్ళి కూర్చుని, వాళ్ళ కష్టం విన్నారు, మన పల్లెల ఆకలి వాళ్ళకు చెప్పారు. మన నేతగాళ్ళ మగ్గాలను మూలన పడేసింది ఆ మిల్లు బట్టే. అయినా అక్కడి ఆడవాళ్ళు ఆయన్ని చుట్టుముట్టి కేకలు వేస్తూ స్వాగతం పలికిన ఫోటో ఉంది. ఎదుటివాడి ఇంటికే వెళ్ళి మాట్లాడిన ఆ ధైర్యం గురించి మన పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

ఇంకో మాట కూడా చెప్పాలి. 2019లో మాంచెస్టర్‌లో గాంధీ విగ్రహం పెట్టొద్దని విద్యార్థులు అభ్యంతరం చెప్పారు. దక్షిణాఫ్రికాలో తొలినాళ్ళలో ఆయన ఆఫ్రికన్ల గురించి చులకనగా రాసిన మాటలు వాళ్ళు చూపించారు. ఆ రాతలు నిజమే. మన పిల్లలు చదివేది అలాంటి యూనివర్సిటీల్లోనే, ఈ ప్రశ్న వాళ్ళకి ఎదురవుతుంది. ‘అదంతా కుట్ర’ అని కసిరితే ఆ తర్వాత మనల్ని ఏదీ అడగరు. రాశారు, తర్వాత మారారు, ఆ దేశపు మండేలాయే ఆయన్ని గురువుగా తలచుకున్నారు అని మొత్తం చెబితే వింటారు.

అంబేడ్కర్ గారి సంగతీ అంతే. అదే 1931 సమావేశంలో దళితులకు ప్రత్యేక నియోజకవర్గాల మీద ఆయన గాంధీతో ఢీకొన్నారు. మన సంఘంలోనే ఇంట్లో గాంధీ ఫోటో కాక అంబేడ్కర్ ఫోటో పెట్టుకున్న కుటుంబాలున్నాయి. అక్టోబర్ 2న వాళ్ళు మన మధ్య మౌనంగా నిలబడటం నాకు నచ్చడం లేదు.

అందుకే కమిటీకి నా ప్రతిపాదన ఇది. ఈసారి పొద్దున టావిస్టాక్ స్క్వేర్‌లో పూలు పెడదాం. మధ్యాహ్నం బో వెళ్దాం. సాయంత్రం ప్రిమ్‌రోజ్ హిల్‌లో, అంబేడ్కర్ చదువుకునే రోజుల్లో ఉన్న కింగ్ హెన్రీస్ రోడ్ 10వ నంబర్ ఇంటికి వెళ్దాం. అక్కడ మాట్లాడే బాధ్యత ఆ కుటుంబాలకే ఇద్దాం. పెద్దలం ఆ పూట విందాం.