వాచ్‌మన్ లెక్కలు చెబితే దేశం ఏమైపోవాలి?

లోకక్షేమం కోరి ఒక సినిమా మీద ఫిర్యాదు చేయక తప్పడం లేదు. 2022లో విడుదలైన దక్షిణ కొరియా చిత్రం ‘ఇన్ అవర్ ప్రైమ్’ పైకి అమాయకంగానే కనిపిస్తుంది. ఉత్తర కొరియా నుంచి పారిపోయి వచ్చిన గణిత మేధావి ఒకాయన, తానెవరో చెప్పుకోకుండా, పేరున్న ప్రైవేటు బడిలో వాచ్‌మన్‌గా బతుకుతుంటాడు. పేద పిల్లల కోటాలో చేరి లెక్కల్లో వెనకబడిన కుర్రాడొకడు ఆయన వెంట పడతాడు. ఇద్దరికీ స్నేహం కుదురుతుంది. కొంప మునిగేది అక్కడే.

ఆ ఏడాది కొరియా తల్లిదండ్రులు పిల్లల ప్రైవేటు చదువులకు పెట్టిన ఖర్చు సుమారు 26 లక్షల కోట్ల వన్‌లు (కొరియా కరెన్సీ). అంత సొమ్ము పోసి నిలబెట్టుకున్న వ్యవస్థలో ఈయన స్ట్రాబెరీ పాలు తాగి పాఠం చెబుతాడు. పాల ప్యాకెట్టుకు రసీదు కూడా ఇవ్వడు! సియోల్‌లో కోచింగ్ కేంద్రాలు రాత్రి పదింటికల్లా తలుపులు మూయాలి. వాచ్‌మన్లకు ఆ నిబంధన వర్తించదు కాబోలు.

అంతకన్నా ఘోరం ఆ త్రిభుజం. లంబకోణ త్రిభుజానికి కర్ణం 10, దాని మీదికి ఎత్తు 6, వైశాల్యం ఎంత? కుర్రాడు బుద్ధిగా 30 అంటాడు. మన కోచింగ్ పిల్లలైతే పెన్ను ఎత్తకుండానే ఓఎంఆర్ షీటులో దిద్దేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయేవారు. పెద్దాయన మాత్రం తప్పంటాడు. కర్ణాన్ని వ్యాసంగా తీసుకుని అర్ధవృత్తం గీస్తే మూడో శీర్షం దాని మీదే ఉండాలి, కనుక ఎత్తు 5 దాటదు. అలాంటి త్రిభుజమే లేదు. నిజమే కావచ్చు. కానీ ప్రశ్నపత్రాన్నే శంకించడం మరిగిన పిల్లలు అక్కడితో ఆగుతారా? ఒకే ఫస్టు ర్యాంకరు నాలుగు కాలేజీల హోర్డింగుల మీద ఎలా నవ్వుతున్నాడని రేపు అడగరూ?

ఏటా నవంబరులో జరిగే కాలేజీ ప్రవేశ పరీక్ష ‘సునుంగ్’లో, ఇంగ్లీషు వినికిడి ప్రశ్నలు నడుస్తున్నంతసేపు కొరియాలో విమానాలు ఎగరవు, దిగవు. ఆకాశం సైతం నోరు మూసుకునే ఆ పరీక్ష ఎదురుగా ఉండగా, మార్కుల కోసమైతే తాను చెప్పనంటాడీ మహానుభావుడు. పైగా ‘పై’ (π) విలువలోని అంకెలను స్వరాలుగా పియానో మీద వాయించడం ఒకటి. 3.14 తర్వాతివి సిలబస్‌లో లేవని ఎవరైనా చెప్పాల్సింది.

ఈ కథలో వివేకవంతుడు లెక్కల మాస్టారొక్కడే. నీ మార్కులకు మామూలు బడే మేలని కుర్రాడికి మొదట్లోనే హితవు చెబుతాడు. ప్రశ్నపత్రం లీకులో ఆయన చేయి ఉందని తర్వాత తేలుతుంది, అయితే ఏమి? పిల్లల మార్కుల కోసం అంతగా పాటుపడిన మనిషిని పట్టుకుని విలన్ చేశారు.

వాచ్‌మన్‌గా నటించింది చోయ్ మిన్‌సిక్. 2003లో ‘ఓల్డ్‌బాయ్’లో సుత్తి పట్టిన చేత్తోనే ఇక్కడ సుద్దముక్క పట్టాడు. సుత్తే నయం. ఆ దెబ్బకు కట్టు కట్టించుకోవచ్చు.

కనుక విద్యాశాఖలకు నా విన్నపం: బడి వాచ్‌మన్లందరికీ తక్షణం గణిత పరీక్ష పెట్టండి. పాసైనవారిని ఉద్యోగం నుంచి తీసేయండి.