కూపన్ లేని చదువు

డైటీషియన్ల నిరంతర విద్య విజయవాడలో దివ్యంగా సాగుతోంది. అనుమానమున్నవాళ్లు బెంజి సర్కిల్ దగ్గర ఏ హోటల్ హాల్లోనైనా ఓ ఆదివారం తొంగిచూడొచ్చు. రిజిస్ట్రేషన్ తొమ్మిదికన్నారు కాబట్టి జ్యోతి ప్రజ్వలన పదకొండుకి. సంచీ, పెన్ను, ప్రొటీన్ పౌడర్ శాంపిల్ చేతికిస్తారు. ఖర్చు పౌడర్ కంపెనీది, ఉపన్యాసం ‘రోగుల్లో ప్రొటీన్ లోపం’ గురించి. ఈ రెండిటికీ లంకె పెట్టడం కుసంస్కారం.

రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ 2.8కి తగ్గిందంటే తిండి చాలట్లేదని అక్కడ తేల్చేస్తారు. ఇన్ఫెక్షన్ వచ్చినా, కాలేయం చెడినా, మూత్రంలో ప్రొటీన్ పోతున్నా ఆల్బుమిన్ పడిపోతుంది. పోషణకి అది కొలత కాదని అమెరికాలో రోగుల పోషణ చూసే నిపుణుల సంస్థ ఆస్పెన్ 2020లోనే చెప్పింది. నిజమే, కానీ బరువు ఎన్నాళ్లలో ఎంత తగ్గింది, భుజాల దగ్గర కండ ఎంత కరిగింది అని చూడాలంటే మంచం దాకా నడవాలి. ఆల్బుమిన్‌కైతే రిపోర్టు తిరగేస్తే సరి!

భోజనాలయ్యాక కిడ్నీ సెషన్. పెరుగన్నం మీద పొటాషియం జోలపాటలా వినిపిస్తుంది. కిడ్నీ రోగులకి అది తగ్గించడానికి “కూరగాయ ముక్కల్ని ఎక్కువ నీళ్లలో ఉడికించి నీళ్లు వంచెయ్యాలి” అని స్లైడులో ఒక్క లైను. ఆ లైను సూర్యారావుపేట ఆస్పత్రుల ఓపీలోంచి ఇంటికెళ్తుంది. నీళ్లు వంచుతారు కూడా, గిన్నెలోకి. పప్పు కట్టుతో చారు పెట్టుకునే మనం ఉడికిన నీళ్లు పారబోస్తామా? ముక్కల్లోంచి నీళ్లలోకి దిగిన పొటాషియం చింతపండు, పోపు తగిలించుకుని మళ్లీ పేషెంటు కంచంలోకే వస్తుంది. పైగా ఉప్పు తగ్గించమన్నారని అల్లుడుగారు ‘లో-సోడియం’ ఉప్పు ప్యాకెట్ తెస్తాడు. అందులో సోడియం తగ్గించి కలిపింది పొటాషియం క్లోరైడే. తర్వాతి రక్తపరీక్షలో పొటాషియం పెరిగితే నింద అరటిపండు మీద పడుతుంది.

ఇక ఓపీలో పంచే డైట్ షీటు జిరాక్సుకి జిరాక్సు. జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో 2010లో ప్రామాణిక పురుషుడి (లెక్కకోసం ఊహించుకున్న సగటు మనిషి) బరువు 60 కిలోలు, 2020 నాటికి 65. ఆరోగ్యవంతులకి రోజువారీ ప్రొటీన్ కిలోకి 1 గ్రాము నుంచి 0.83 గ్రాములకి దిగింది. గుంటూరు కొత్తపేట జిరాక్సుల్లో మాత్రం ఆయనింకా 60 దగ్గరే ఆగాడు. ఇన్ని బఫేలు జరిగినా ఒళ్లు చెయ్యని మనిషి ఆయనొక్కడే.

ఆ సంస్థ ఉన్నదేమో హైదరాబాదు తార్నాకలో, బస్సెక్కితే ఒక పూట. 2017లో 528 ఆహార పదార్థాల పోషక విలువల పట్టిక వేసింది. అందులో ఆకుపచ్చ గోంగూర, ఎర్ర గోంగూర విడివిడిగా ఉన్నాయి. ఇంతకంటే గుంటూరుకి ఏం మర్యాద చేస్తారు? 2024లో ఆహార మార్గదర్శకాలు కూడా కొత్తగా రాసి ఉచితంగా పెట్టింది. అక్కడే పొరపాటు చేసింది. ఫైలుతోపాటు లంచ్ కూపన్ పెట్టలేదు.

సర్టిఫికెట్లు నాలుగున్నరకి ఇస్తారు. పేరులో అక్షరం తప్పుంటే పక్క కౌంటర్లో మార్పించుకోవచ్చు. 60 కిలోలాయన్ని మార్చే కౌంటర్ ఇంకా తెరవలేదు.