పైసా ఖర్చు కాని ప్రజాసేవ

ప్రజాసేవకు డబ్బు కావాలి, సిబ్బంది కావాలి, భవనాలు కావాలి అని లోకంలో ఒక అపోహ ఉంది. దాన్ని పోగొట్టడానికే కాబోలు, ఐర్లండు దేశం డబ్లిన్‌లోని కిల్డేర్ వీధిలో ఒక ఎగువసభను పోషిస్తోంది. పేరు షనద్. పూర్వం నవాబులు జమీందార్లకు రాసిచ్చిన సనదుకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. అయితే 60 మంది సభ్యుల్లో 11 మందిని ప్రధానమంత్రి (ఆయన్ని అక్కడ టీషాక్ అంటారు) తన ఇష్టం మీద కూర్చోబెడతాడు కనుక, ఆ మేరకు సనదు అన్నా ఎవరూ కేసు పెట్టరు.

ఈ సభలో సాంఘిక సంక్షేమం మీద, ఆసుపత్రుల మీద, ఇళ్ల మీద, బస్సుల మీద ఒక సెనేటరుగారు చేసే ప్రసంగాలను ఈ వ్యాసంలో భక్తిశ్రద్ధలతో పరిశీలిద్దాం. ఫలానా ఆయన అని పేరు పెట్టడం లేదు. పెట్టి ప్రయోజనమూ లేదు, పక్క సీట్లో ఆయన ప్రసంగమూ ఇంచుమించు అదే. ఊహించుకోవడానికి వీలుగా మనమే ఒక సెనేటరుగారిని తయారు చేసుకుందాం.

ఆయన లేచి ముందు అధ్యక్షస్థానానికి కృతజ్ఞతలు చెబుతారు. తరవాత మంత్రిగారికి సభలోకి స్వాగతం పలుకుతారు. ఆ మంత్రిగారు కిందటి వారమే వచ్చి వెళ్లారన్న సంగతి స్వాగతానికి అడ్డు కాదు. పైన గ్యాలరీలో ఏ బడి పిల్లలన్నా కూర్చుని ఉంటే వాళ్లకీ, వాళ్ల మాస్టార్లకీ మరో స్వాగతం. పెళ్లిలో విడిది దగ్గర పన్నీరు చల్లేవాడిక్కూడా ఇంత ఓపిక ఉండదు. ఇవన్నీ అయ్యాక మిగిలిన సమయంలో, తమ జిల్లాలో ముసలావిడ ఒకరు ఆసుపత్రిలో మంచం దొరక్క రాత్రంతా ట్రాలీ మీద పడుకున్నారని సభకు విన్నవిస్తారు.

ట్రాలీ అంటే మన కూరగాయల బండి కాదు, రోగిని అటూ ఇటూ తిప్పే చక్రాల బల్ల. ఐర్లండులో ఎంతమంది రోగులు ఆ బల్లల మీదే ఉన్నారో నర్సుల సంఘంవాళ్లు పొద్దున్నే లెక్క తీసి ప్రకటిస్తారు. మనం వర్షపాతం చెప్పుకుంటామే, అలాగ. 2006లోనే అప్పటి ఆరోగ్యమంత్రి మేరీ హార్నీ దీన్ని జాతీయ అత్యవసర పరిస్థితి అని తేల్చారు. అది నేటికీ అదే అత్యవసరంతో, ఏ తొందరా లేకుండా కొనసాగుతోంది.

ఇక మంత్రిగారి జవాబు. సభ మొదలయ్యే వేళ సెనేటర్లు ఇలాంటి స్థానిక సమస్యలు లేవనెత్తడానికి ప్రత్యేకంగా సమయం ఉంది. జవాబు చెప్పడానికి ఆ శాఖ మంత్రే రావాలన్న పట్టింపు మాత్రం లేదు. మంచం గురించి అడిగితే మంచాలతో బొత్తిగా సంబంధం లేని శాఖ సహాయమంత్రి వచ్చి, ‘మా సహచరుడి తరఫున’ అంటూ ఎవరో టైపు చేసిచ్చిన కాగితం చదువుతారు. ఇది ప్రభుత్వ ఆసుపత్రులను నడిపే హెల్త్ సర్వీస్ ఎగ్జిక్యూటివ్‌వారి రోజువారీ నిర్వహణకు చెందిన వ్యవహారమనీ, ప్రభుత్వం ఈ రంగానికి మునుపెన్నడూ లేనంత కేటాయించిందనీ ఆ కాగితంలో ఉంటుంది. సెనేటరుగారు నిరాశ వ్యక్తం చేస్తారు. కాగితం చదివిన పాపానికి ఆయన్నేమీ అనడం లేదని కూడా అంటారు. ఇద్దరూ పరస్పరం ధన్యవాదాలు చెప్పుకుంటారు. ముసలావిడ ట్రాలీ మీదే ఉంటుంది.

దీన్ని చూసి నవ్వేవాళ్లకు రాజ్యాంగం తెలియదు. మాటలు కోటలు దాటినా కాలు గడప దాటదని మనవాళ్లు ఎవరినైనా వెక్కిరిస్తే అది ఆ మనిషి బద్ధకాన్ని ఎత్తిచూపడం. ఇక్కడ కాలు గడప దాటకూడదని రాసే పెట్టారు. దిగువసభ అయిన డాల్ పంపిన బిల్లును షనద్ 90 రోజులు ఆపగలదు. ద్రవ్య బిల్లయితే 21 రోజుల్లో సిఫార్సులు చేసి పంపేయాలి, ఆ సిఫార్సుల్ని డాల్ వింటే వింటుంది, లేకపోతే లేదు. మామూలు బిల్లుకు సవరణ తెద్దామా అంటే, దాని వల్ల ఖజానా మీద భారం పడే అవకాశం ఉందనిపిస్తే చాలు, నిబంధనలకు విరుద్ధమని పక్కన పెట్టేస్తారు. అంటే పింఛను ఒక్క యూరో పెంచమని సవరణ పెట్టడానికి లేదు. ఇంకో నర్సును వేయమనడానికీ లేదు. ప్రజాసేవల గురించి గంటలు గంటలు మాట్లాడవచ్చు, వాటికి ఖర్చవుతుందని మాత్రం గుర్తు చేయకూడదు.

మనిషి మేధస్సు ఇలాంటి ఇరుకులోనే వికసిస్తుంది. సెనేటర్లు దారి కనిపెట్టారు. ‘పింఛను పెంచాలి’ అనరు. ‘ఈ చట్టం అమల్లోకి వచ్చిన 12 నెలల్లోగా, పింఛను పెంచడంలోని సాధ్యాసాధ్యాలపై మంత్రి ఒక నివేదిక తయారుచేసి ఉభయసభల ముందుంచాలి’ అంటారు. అన్నం పెట్టాలంటే ఖర్చు, ఆకలి మీద నివేదిక రాయాలంటే కాగితమే కదా. ఈ కిటుకుతో సంక్షేమ బిల్లుల మీద సవరణలు వెల్లువలా వచ్చిపడతాయి. ప్రతిదీ ఒక నివేదిక కోరుతుంది. మంత్రిగారు ప్రతి నివేదికకూ సూత్రప్రాయంగా సానుభూతి చూపి, ప్రతి సవరణనూ తిరస్కరిస్తారు. అంటే నివేదిక కూడా రాదు.

మరి ఈ ప్రసంగాలు ఎవరు వినాలని? జనం అనుకుంటే పొరపాటు. 43 మంది సెనేటర్లు అయిదు వృత్తి వర్గాల జాబితాల నుంచి ఎన్నికవుతారు: వ్యవసాయం, కార్మికం, పరిశ్రమ-వాణిజ్యం, సంస్కృతి-విద్య, పరిపాలన. వినడానికి పొలం నుంచి రైతు, మిల్లు నుంచి కార్మికుడు నేరుగా వచ్చి కూర్చున్నట్టే ఉంటుంది. ఓటు వేసేది రైతూ కాదు, కార్మికుడూ కాదు. దేశంలోని 949 మంది స్థానిక కౌన్సిలర్లు, 174 మంది డాల్ సభ్యులు, దిగిపోతున్న సెనేటర్లు. అంతే. మన దగ్గర ఒక మోస్తరు సర్పంచి ఎన్నికకు ఇంతకంటే ఎక్కువ ఓట్లుంటాయి. అందుకే ఎన్నికలొస్తే అభ్యర్థులు కారేసుకుని దేశమంతా తిరిగి, ఒక్కొక్క కౌన్సిలరు ఇంటి తలుపూ తడతారు, టీ తాగుతారు. ఫలానా కౌంటీలో ఫలానా ఊరికి అంబులెన్సు రావడం లేదని సభలో ఆవేదన వెలిబుచ్చితే, అది రాసిన ఉత్తరం ప్రభుత్వానికే అయినా పోస్టు చేసింది ఆ ఊరి కౌన్సిలరుకి. అంబులెన్సు చేరకపోయినా ప్రసంగం ప్రతి చేరుతుంది.

ఇక ఆరు సీట్లు పట్టభద్రులవి. 2025 ఎన్నికల దాకా ట్రినిటీ కాలేజీవాళ్లకు మూడు, నేషనల్ యూనివర్సిటీవాళ్లకు మూడు. మిగతా విద్యాసంస్థల వాళ్లకూ ఈ ఓటు విస్తరించవచ్చునని 1979లో ప్రజాభిప్రాయం అడిగితే 92 శాతం మంది సరేనన్నారు. ఇంత ఏకగ్రీవంగా అడిగిన పనిని ప్రభుత్వాలు భద్రంగా బీరువాలో దాచాయి. 2023లో సుప్రీంకోర్టు మొట్టికాయ వేశాక, 2024లో చట్టం వచ్చింది. ఏ బిల్లునైనా 90 రోజులకు మించి ఆపలేని సభ, తన విషయంలో 45 ఏళ్లు ఆగింది.

పట్టభద్రుల సీట్లు అనగానే మనవాళ్లకు ఇంటి వాసన తగిలే ఉంటుంది. పెద్దల సభలో నామినేటెడ్ సభ్యులనే ఆలోచన మన రాజ్యాంగానికి ఐర్లండు నుంచే వచ్చింది. లా చదవడానికి 1913లో డబ్లిన్ వెళ్లి, 1916 తిరుగుబాటు ఏడాదే ఆ దేశం వదిలి రావలసి వచ్చిన మన వి.వి. గిరిగారు, 1967లో ఉపరాష్ట్రపతి అయి రాజ్యసభను నడిపారు కూడా. సభను కూల్చి మళ్లీ కట్టే సరదాలోనూ ఇద్దరం ఒక్క తానులో గుడ్డలమే. తన బిల్లులకు అడ్డుపడుతోందని నాటి ప్రభుత్వాధినేత డి వలేరా పాత సెనేటును 1936లో రద్దు చేసి, 1937 రాజ్యాంగంలో మళ్లీ కొత్తది పెట్టుకున్నాడు. మనం శాసనమండలిని 1985లో రద్దు చేసి, 2007లో తెచ్చుకుని, 2020లో ఆంధ్రలో రద్దుకు తీర్మానం చేసి, 2021లో ఆ తీర్మానాన్నే రద్దు చేశాం. ఈ పోటీలో మనమే ఒక మెట్టు పైనున్నామని వినయంగా మనవి.

ఐర్లండు కూడా 2013లో ఇంకోసారి ప్రయత్నించింది. ఎగువసభను తీసేస్తే రెండు కోట్ల యూరోలు మిగులుతాయని నాటి టీషాక్ ఎండా కెన్నీ జనం ముందుకు వెళ్లారు. ఓటర్లలో 39 శాతం మందే పోలింగుకొచ్చారు. వాళ్లలో 51.7 శాతం మంది రద్దు వద్దన్నారు. సభ బతికింది. దానిపై ప్రేమతోనా, అడిగినవాడి మీద కోపంతోనా అన్నది నేటికీ తేలలేదు. బహుశా ఒక నివేదిక కోరాలి.

నిజానికి ఐర్లండు సెనేటరుకు డబ్బుతో ఎప్పుడూ సంబంధం లేదనడం అన్యాయం. 1922లో ఏర్పడిన మొదటి సెనేటులో కవి యేట్స్ సభ్యుడు. ఆయన పిల్లల బడులు చూశాడు, విడాకుల నిషేధం మీద 1925లో నిప్పులు చెరిగాడు. అన్నిటినీ మించి, కొత్త దేశపు నాణేల నమూనాలు ఎంపిక చేసే సంఘానికి అధ్యక్షత వహించాడు. ఫలితంగా 1928లో పెన్నీ మీద పిల్లల కోడి, అరపెన్నీ మీద పిల్లలతో పంది వచ్చి కూర్చున్నాయి. నాణెం ఎక్కడ ఖర్చు పెట్టాలో చెప్పే అధికారం లేకపోయినా, నాణెం మీద ఏ జంతువుండాలో సెనేటరు చెప్పగలిగాడు. తరవాతి తరంవాళ్లకు ఆ పందిపాటి అవకాశం కూడా దక్కలేదు.

ఒక్కసారి మాత్రం, ఖజానాకు చిల్లి గవ్వ భారం లేని పని ఒకటి ఒక సెనేటరు ముందుకు తెచ్చారు. గర్భనిరోధక సాధనాల అమ్మకాన్నీ దిగుమతినీ నిషేధించిన 1935 నాటి చట్టాన్ని సవరించాలని మేరీ రాబిన్సన్ అనే యువ సెనేటరు 1971లో ఇద్దరు సహచరులతో కలిసి బిల్లు పెట్టారు. డబ్బు అడగలేదు, నివేదిక అడగలేదు. ఆ ఏడాది మే నెలలో కొందరు డబ్లిన్ మహిళలు రైలెక్కి బెల్‌ఫాస్ట్ వెళ్లి ఆ సరుకు కొనుక్కుని, కస్టమ్స్‌వాళ్ల కళ్ల ముందే ఊపుకుంటూ దిగారు. మాత్రలకు అక్కడా డాక్టరు చీటీ కావాలనడంతో, బదులుగా ఆస్పిరిన్ బిళ్లలు తెచ్చారు. కస్టమ్స్ వాడికి తేడా తెలిస్తే కదా. దేశం అంత వేడిగా ఉన్న రోజుల్లో షనద్ ఏం చేసింది? బిల్లును ఓడించలేదు. అంత దూరం రానివ్వలేదు. బిల్లు అచ్చు కావాలంటే మొదటి పఠనానికి సభ ఒప్పుకోవాలి. సభ ఒప్పుకోలేదు. అంటే, ఆ కాగితం మీద ఏముందో చదవడానికి వీల్లేకుండా దాన్ని తోసిపుచ్చింది. 1979లో ఆరోగ్యమంత్రి చార్లెస్ హాహీ తెచ్చిన చట్టంతో కండోముకు కూడా డాక్టరు చీటీ ఉండాలన్న వెసులుబాటు దొరికింది. రాబిన్సన్ 1990లో ఆ దేశానికే అధ్యక్షురాలయ్యారు.

అచ్చు అంటే గుర్తొచ్చింది. 2018 చివర్లో ఐర్లండు పార్లమెంటు 8 లక్షల యూరోల పైచిలుకు పోసి ఒక ప్రింటింగు యంత్రం కొంది. తీరా వచ్చాక అది గదిలో పట్టలేదు. ఎత్తు చాలలేదు. గది సవరించడానికి ఇంకో రెండు లక్షలకు పైగా అయింది. ఈ పద్దును మాత్రం ఖజానాకు భారం, నిబంధనలకు విరుద్ధం అని ఎవరూ పక్కన పెట్టలేదు. ఆ పనులయ్యే దాకా యంత్రం అద్దె గిడ్డంగిలో విశ్రమించింది. అదే రోజుల్లో షనద్ గదికి మరమ్మతులు జరుగుతుండటంతో, సెనేటర్లు పక్కనే ఉన్న జాతీయ మ్యూజియంలో, పింగాణీ సామాను ప్రదర్శించే గదిలో సమావేశమయ్యేవాళ్లు. అదే మ్యూజియంలో, బురదనేలల్లో దొరికిన రెండు వేల ఏళ్లకు పైబడిన మనుషులు అద్దాల పెట్టెల్లో పడుకుని ఉంటారు, చర్మం కూడా చెడిపోకుండా. వాళ్లకీ మంచం దొరకలేదు. ఆ రోజుల్లో ఏ సెనేటరైనా లేచి వాళ్లను సభలోకి స్వాగతించారో లేదో చూడాలని ఉంది.